అరకు, పాడేరు, లంబసింగి: మన్యంలో నాలుగు రోజుల సైకిల్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. మైదానంలో సైకిల్ తొక్కే అలవాటున్నవాళ్లు ఈ అంకె చూసి ఆరేడు గంటల పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు, అక్టోబరు చివర్లో, ఉదయం ఏడున్నరకు పెందుర్తి దగ్గర టీ తాగి తీరిగ్గా బయల్దేరాను. శృంగవరపుకోట చేరేసరికే ఎండ ముదిరింది. ఘాట్ మొదలయ్యాక ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆగాల్సి వచ్చింది. అనంతగిరి ఇంకా రాకముందే చీకటి పడింది, పొగమంచు దిగింది. నా దగ్గర ముందు లైటు లేదు. కూరగాయలు దింపి ఖాళీగా వెళ్తున్న వ్యాను ఒకటి పక్కన ఆగింది. "ఎక్కండి బాబూ, ఈ మలుపుల్లో మిమ్మల్ని ఎవరు చూస్తారు?" అంటూ డ్రైవరే దిగి, సైకిల్ ఎత్తి లోపల పెట్టాడు. అరకులో దింపి డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ తర్వాత అదే దారిలో చాలాసార్లు వెళ్లాను, ప్రతిసారీ వెలుతురు ఉండగానే చేరాను. కాళ్లలో బలం ఏమంత పెరగలేదు. లెక్క మార్చుకున్నాను, అంతే. కొండ దారిలో కిలోమీటర్లతో రోజును కొలిస్తే మోసపోతాం. ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి, వెలుతురు ఎన్ని గంటలు ఉంటుంది అన్నవి చూసుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి అడుగూ ఈ రెండు లెక్కల మీదే నడుస్తుంది.

దారి మొత్తం ఒక్క చూపులో

విశాఖపట్నం, ఎస్.కోట (శృంగవరపుకోట), అనంతగిరి, అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం, మళ్లీ విశాఖ. చుట్టూ తిరిగి వస్తే సుమారు 320 నుంచి 340 కిలోమీటర్లు అవుతుంది. పైన ఉన్న భాగమంతా అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ చుట్టులో చాలా భాగానికి వెన్నెముక లాంటిది. దాన్ని వెడల్పు చేసే పనులు కొన్నేళ్లుగా విడతలవారీగా సాగుతున్నాయి. అందుకే ఒకచోట అద్దంలాంటి తారు దొరుకుతుంది, ఇంకోచోట కంకర తేలి ఉంటుంది. ఏ ముక్క ఎలా ఉందో ముందురోజు రాత్రి లాడ్జిలోనో బస్టాండులో ఆర్టీసీ డ్రైవర్లనో అడగండి. మ్యాపు కంటే వాళ్ల మాటే నమ్మదగ్గది.

మొదటి రోజు సముద్ర మట్టం నుంచి అరకుకు, రెండో రోజు పాడేరుకు, మూడో రోజు లంబసింగికి, నాలుగో రోజు ఘాట్ దిగి ఇంటికి. ఇది నేను సూచించే పద్ధతి. మూడు రోజుల్లో కూడా చేయొచ్చు, చేసినవాళ్లున్నారు. కానీ అప్పుడు తారు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

హైదరాబాద్ మిత్రులకు ఒక మాట. మ్యాపులో అనంతగిరి అని వెతికితే వికారాబాద్ దగ్గర మూసీ పుట్టే అనంతగిరి కొండలు కూడా వస్తాయి. రెండూ వేరు. అది ఒక్కరోజు షికారు, ఇది తూర్పు కనుమల ఎక్కుడు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, వాగులు రోడ్డెక్కుతాయి, మలుపుల్లో నాచు పడుతుంది. ఆకుపచ్చదనం కోసం జూలైలో వెళ్లాలని మనసు లాగుతుంది కానీ సైకిల్ టైరుకు అది కాలం కాదు. ఏప్రిల్, మే నెలల్లో పైన బాగానే ఉన్నా కింద ఎస్.కోట, నర్సీపట్నం వైపు ఎండ పెనంలా కాలుతుంది. పైగా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన వచ్చే అవకాశం ఉంటుంది.

మంచి కాలంలోనూ మంచి రోజు చూసుకోవాలి. వలిసె పూలు పూసే రోజుల్లో, కార్తీక మాసం ఆదివారాల్లో, డిసెంబరు చివరి వారంలో అరకు ఘాట్ కార్లతో నిండిపోతుంది. కొండ దారి అలవాటు లేని చేతులు ఆ రోజుల్లోనే ఎక్కువగా స్టీరింగ్ పడతాయి. సోమవారం బయల్దేరి గురువారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే రోడ్డు సగం మీదే.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. విశాఖ హైదరాబాద్‌కు తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. నవంబరు నెలాఖరులో సాయంత్రం 5:20 ప్రాంతంలోనే. కొండ నీడ ఉన్న మలుపుల్లో నాలుగున్నరకే మసక. కాబట్టి ఏ రోజైనా మూడున్నరకల్లా గది చేరేలా ప్లాన్ వేసుకోండి. అప్పుడు పంక్చర్‌కో గంట పోయినా టెన్షన్ ఉండదు.

కాళ్లను సిద్ధం చేసుకోవడం

ఎనిమిది వారాలు చాలు. విశాఖలో ఉన్నవాళ్లకు సింహాచలం ఘాట్ ఉంది. వారానికి రెండుసార్లు ఎక్కండి. మొదట ఒక్కసారి, నెల గడిచాక వరసగా మూడుసార్లు. భీమిలి బీచ్ రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక అది ఆదివారం దూరాలకు బాగుంటుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఊపిరికి మంచిదే. కానీ అక్కడ వారానికి 200 కిలోమీటర్లు తొక్కినా ఘాట్ ఎక్కడం రాదు. చదును నేలమీద అలసిపోతే తొక్కడం ఆపి కాసేపు జారనివ్వొచ్చు. ఎక్కుడులో ఆ సౌకర్యం లేదు, ఆపితే సైకిల్ ఆగిపోతుంది. రెండు గంటలపాటు విరామం లేకుండా తొక్కడమే అసలు సాధన. దానికి వికారాబాద్ వైపు దారులో, ఊళ్లో ఫ్లైఓవర్లను పదిసార్లు ఎక్కిదిగడమో మేలు.

బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు, తొక్కినవాళ్లకు ఒక పోలిక చెబుతాను. 200 కిలోమీటర్ల బ్రెవేకు 13 గంటల 30 నిమిషాలు గడువు ఇస్తారు కదా. మైదానంలో అది పదిన్నర గంటల్లో పూర్తిచేసే వ్యక్తికి విశాఖ నుంచి అరకు తొమ్మిది గంటలు పడుతుందనుకోండి. దూరం దాదాపు సగమే, సమయం మాత్రం ఇంచుమించు అంతే.

సైకిల్: గేర్లు, టైర్లు, బ్రేకులు

ఈ దారికి ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, చిన్న గేరు కావాలి. లెక్క చూడండి. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లు ఉన్న గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 8 కిలోమీటర్ల వేగం వస్తుంది. అదే వెనక 25 పళ్లే పెద్దదైతే, ఆ తిప్పుడుకు 10 కిలోమీటర్లు దాటి తొక్కాలి. నిటారు మలుపులో కాళ్లు అది ఇవ్వలేవు. తిప్పుడు 45కి పడిపోతుంది, మోకాళ్ల మీద భారం పడుతుంది. ముందు మూడు పళ్ల చక్రాలున్న హైబ్రిడ్ సైకిల్‌లో 28కి 34 లాంటి గేరు ఉంటే ఆరు కిలోమీటర్ల వేగంతో కూడా హాయిగా ఎక్కొచ్చు. నా మాట నమ్మండి, ఈ ఘాట్‌లో ఆ హైబ్రిడ్ వాళ్లే నవ్వుతూ పైకి వస్తారు.

టైరు 28 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, 32 అయితే ఇంకా మంచిది. గాలి గట్టిగా కొట్టించకండి. 70 కిలోల మనిషికి 32 టైరులో 55 నుంచి 65 పీఎస్ఐ సరిపోతుంది. కంకర తేలిన చోట పట్టు ఉంటుంది, నడుముకూ సుఖం.

బ్రేకు ప్యాడ్లు సగం అరిగి ఉంటే బయల్దేరే ముందే మార్చండి. రిమ్ బ్రేకు, కార్బన్ రిమ్ రెండూ కలిసి ఉన్న సైకిల్‌ను ఇంట్లో వదిలేయండి. పొడవాటి దిగుడులో వేడికి కార్బన్ తట్టుకోదు.

సామానులో తప్పనిసరి: రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్టు, టైరు లివర్లు, చేతి పంపు, చెయిన్ కట్టర్, తెగిన చెయిన్‌ను కలపడానికి అదే సైజు క్విక్ లింక్, మీ సైకిల్‌కు సరిపడే డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే పరికరాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క). ఈ చివరిది వంద గ్రాములు కూడా ఉండదు. కానీ అది విరిగితే మన్యంలోనే కాదు, విశాఖలో కూడా మీ మోడల్‌ది దొరకడం కష్టం. ఇంకోటి, సైకిల్ ట్యూబుకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వ్‌కు బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్. అది ఉంటే మోటార్‌సైకిల్ పంక్చర్ షాపుల్లో గాలి కొట్టించుకోవచ్చు. అయితే కంప్రెసర్ దగ్గర జాగ్రత్త. సైకిల్ ట్యూబు చిన్నది, గాలి క్షణాల్లో ఎక్కేస్తుంది. కుర్రాడి చేతికి వదలకుండా "కొద్దికొద్దిగా కొట్టు బాబూ" అని పక్కనే ఉండి వేలితో నొక్కి చూసుకోండి.

పంక్చర్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఘాట్‌లో అది ఒక ప్రత్యేక కారణంతో పడుతుంది. లారీ టైరు పేలినప్పుడు దాని లోపలి సన్నని ఉక్కు తీగలు రోడ్డు పక్కన చెల్లాచెదురవుతాయి. మనం వెళ్లేది సరిగ్గా ఆ అంచునే. ఆ తీగ వెంట్రుకంత ఉంటుంది, కంటికి కనపడదు. అనంతగిరి ఘాట్‌లో టైడా ఊరు దాటాక ఒకసారి ట్యూబు మార్చాను, అర కిలోమీటరుకు మళ్లీ దిగిపోయింది. అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు ఇలా చేస్తాను: టైరు మీద కంపెనీ పేరు ఉన్న చోటే వాల్వ్ ఉండేలా ముందే బిగించుకుంటాను. పంక్చర్ పడ్డాక ట్యూబులో గాలి నింపి, పెదవి దగ్గర పెట్టుకుని తిప్పితే కన్నం దగ్గర చల్లగా తగులుతుంది. ఆ కన్నం వాల్వ్‌కు ఎన్ని జానల దూరంలో ఉందో చూసి, టైరులో అంతే దూరంలో వెతుకుతాను. చేతి రుమాలుతో లోపలి వైపు మెల్లగా తుడిస్తే తీగ ఉన్నచోట దారం లాగినట్టు పట్టుకుంటుంది. దాన్ని గోటితో కాకుండా లివర్ అంచుతో బయటికి నెట్టి, రాయి మీద పెట్టి లాగాలి. అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, రెండో ట్యూబు మిగులుతుంది.

తిండి, నీళ్లు

ఎక్కుడులో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు కావాలి. చలిగా ఉందని తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. ఓఆర్ఎస్ పొట్లాం లీటరు నీళ్లకు ఒకటి. పొట్లాం అయిపోతే లీటరుకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి వేసుకోండి.

తిండి కూడా గంటకోసారి తినాలి, ఆకలి వేసేదాకా ఆగొద్దు. గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం ఒంటికి పట్టాలి. రెండు అరటిపళ్లతో దాదాపు అది వచ్చేస్తుంది. బెల్లం పల్లీ చిక్కి, ఖర్జూరాలు జేబులో ఉంచుకోండి. ఉదయం ఇడ్లీ తిని బయల్దేరడం మంచిది, పూరీ వద్దు. పైన ఊళ్లలో చోడి (రాగి) అంబలి ఇస్తే కాదనకండి. చల్లగా, కొద్దిగా పులిసి, కడుపులో నిలబడేది అదే. కోతులున్న చోట మాత్రం సంచి విప్పొద్దు. టైడా, బొర్రా చుట్టుపక్కల అవి హ్యాండిల్ బార్ మీదున్న అరటిపండును మీకంటే ముందే చూస్తాయి.

మొదటి రోజు: ఎస్.కోట నుంచి కొండెక్కడం

విశాఖ నుంచి తొక్కాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకు లైట్లు వేసుకుని బయల్దేరండి. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట సుమారు 55 కిలోమీటర్లు. ఇందులో చెప్పుకోదగ్గ ఎక్కుడు లేదు, ట్రాఫిక్ ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రం ఎస్.కోట చేరి అక్కడ పడుకుంటే ఇంకా మేలు. రైల్లో సైకిల్ తీసుకెళ్లాలంటే పార్సిల్ ఆఫీసులో ముందుగా అడగాలి, చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మీద అడిగితే కుదరదు.

ఎస్.కోట, బొడ్డవర దాటాక రోడ్డు కొండ ఒడిలోకి వెళ్తుంది. ఇక్కడి నుంచి పైదాకా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. సామాన్యంగా తొక్కేవాడు గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు, కాస్త అలవాటున్నవాడు 400. అంటే మూడు నుంచి నాలుగు గంటలు, ఆగిన సమయం కాకుండా. ఉదయం ఎనిమిదికి ఘాట్ మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు పైన ఉంటారు. మొదటి అరగంట మరీ నెమ్మదిగా వెళ్లండి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా అన్నదే కొలత. మాట తెగిపోతుంటే గేరు తగ్గించండి.

టైడా దగ్గర నీళ్లు నింపుకోండి. అక్కడా, అనంతగిరిలోనూ పర్యాటక శాఖ బసలున్నాయి కాబట్టి ఒంట్లో బాగోకపోతే అక్కడే ఆగిపోవచ్చు. ఆగడం తప్పేమీ కాదు. బొర్రా గుహలు చూడాలని ఉంటే వేరే రోజు పెట్టుకోండి. గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ప్రధాన రోడ్డు వదిలి కిందికి దిగాలి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి.

అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి గాలి మారుతుంది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి, వాటికి మిరియాల తీగలు చుట్టుకుని, కింద నీడలో కాఫీ మొక్కలు. ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. డిసెంబరులో అయితే ఎర్రటి కాఫీ పళ్లు కోసే కాలం. ఇళ్ల ముందు వాటిని ఆరబోస్తారు, పులిసిన తీపి వాసన రోడ్డు దాకా వస్తుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని వెనకున్న చేతులు ఇవే. ఇక్కడ రోడ్డు పక్క కప్పు కాఫీ తాగి పదిహేను నిమిషాలు కూర్చోండి.

పైన గాలికొండ ప్రాంతం ఈ దారిలో అన్నిటికంటే ఎత్తు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అరకు కొండపైన ఉందనుకుని చివరిదాకా ఎక్కుతూనే ఉంటామని శక్తి దాచుకుంటారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున్న లోయ. గాలికొండ దాటి సుంకరిమెట్ట మీదుగా దానిలోకి దిగుతాం. కాబట్టి గాలికొండ దగ్గరే జాకెట్ వేసుకోండి. చెమట తడిసిన ఒంటితో దిగితే వణుకు పట్టుకుంటుంది. దూరంగా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కనిపిస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన లైను అది. ఆ దారిలోని షిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. రైలు సొరంగాల్లో ఎక్కిన ఎత్తును మీరు కాళ్లతో ఎక్కారన్నమాట.

రెండో రోజు: అరకు నుంచి పాడేరు

సుమారు 45 నుంచి 50 కిలోమీటర్లు. డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా. ఘాట్ లేదు కానీ చదునూ లేదు. చిన్న దిగుడు, చిన్న ఎక్కుడు, మళ్లీ అదే. నిన్నటి కాళ్లకు ఇది సరైన రోజు. తొమ్మిదికి బయల్దేరినా ఫర్వాలేదు. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి రాతి పలకల మీద నీళ్లు జారుతుంటాయి. కాళ్లు తడుపుకోండి కానీ సైక్లింగ్ బూట్లతో ఆ రాళ్లెక్కకండి.

ఈ రోజు దూరం తక్కువ కనుక మనుషులను చూసే తీరిక ఉంటుంది. వారపు సంత ఉన్న రోజైతే ఉదయం నుంచే రోడ్డు వెంట కావిళ్లు, బుట్టలు, మేకలు కదులుతుంటాయి. రాజ్మా, పసుపు, అల్లం, పిప్పళ్లు, చింతపండు. చాలా ఊళ్లకు రోడ్డే కాలిబాట కూడా. అయిదారుగురు ఆడవాళ్లు తలమీద కట్టెలతో వరసగా వస్తుంటే వెనకనుంచి గంట కొట్టి అదరగొట్టొద్దు. దూరం నుంచే "అమ్మా, కొంచెం" అని పిలిచి, నెమ్మదిగా, దూరంగా దాటండి. బరువు మోస్తున్న మనిషి చటుక్కున పక్కకు జరగలేదు. ఫోటో తీయాలంటే అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి. పిల్లలకు చాక్లెట్లు విసరడం మాత్రం దయచేసి వద్దు. వాళ్లు వాటికోసం మలుపుల్లో బండ్ల ముందుకు పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. చాక్లెట్లు పంచిన బండి వెళ్లిపోతుంది, ఆ అలవాటు పిల్లల్లో ఉండిపోతుంది.

సరుకులు కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తేనె, కాఫీ, పసుపు దొరుకుతాయి. 1956 నుంచి ఉన్న సంస్థ. సంచిలో బరువు చూసుకుని కొనండి, ఇంకా లంబసింగి ఉంది.

చెక్‌పోస్టుల్లో పోలీసులు ఆపి సంచులు చూడొచ్చు. ఆధార్ కార్డు కాపీ పైనే పెట్టుకుని, ఎక్కడ నుంచి ఎక్కడికో సూటిగా చెబితే రెండు నిమిషాల పని. ప్రధాన రోడ్డు వదిలి అడవి లోపలి బాటలు పట్టొద్దు. సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి. మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి, ప్రతి సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి రేపటి మజిలీ చెప్పండి. అరకు, పాడేరు, నర్సీపట్నం, ఎస్.కోటల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, అంబులెన్సుకు 108.

పాడేరులో గది తీసుకున్నాక తెల్లవారుజామున వంజంగి కొండకు వెళ్లి మేఘాలు చూడాలని అందరికీ ఉంటుంది. వెళ్లండి, కానీ సైకిల్ గదిలోనే ఉంచి ఆటోలోనో జీపులోనో వెళ్లండి. చీకట్లో ఆ దారి, పైన నడక, ఆపైన రోజంతా తొక్కుడు, మూడూ కలిస్తే మధ్యాహ్నానికి కాళ్లు మొరాయిస్తాయి. నాకైతే వంజంగి కోసం పాడేరులో ఇంకో రోజు ఉండటమే ఇష్టం.

ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా, దోమల మందు, రాత్రి దోమతెర తప్పదు. ఇంటికొచ్చాక నెలలోపు జ్వరం వస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకండి. రక్తపరీక్ష చేయించుకుని, మన్యం వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పండి.

మూడో రోజు: లంబసింగి

పాడేరు నుంచి సుమారు 50 కిలోమీటర్లు. ఈ ముక్కలో దుకాణాలు తక్కువ, అడవి ఎక్కువ. నీళ్లు రెండు సీసాలకు తోడు ఇంకో లీటరు పెట్టుకోండి. దారిలో పెద్ద ఎక్కుడు ఒక్కటీ లేకపోయినా చిన్నవి కలిపితే తక్కువేమీ కాదు. లంబసింగి దగ్గరికొచ్చాక తాజంగి జలాశయం పక్కన కూర్చుని తెచ్చుకున్నది తినండి.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత ఒకంకెకు పడిపోతుంది. శీతాకాలం శని, ఆదివారాల్లో గదులు దొరకవు, ముందే మాట్లాడుకోండి. మందపాటి గ్లవ్స్ తీసుకెళ్లమని చెప్పేది వెచ్చదనం కోసం ఒక్కటే కాదు. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు నొక్కలేరు, మర్నాడు దిగాల్సింది ఘాట్.

నాలుగో రోజు: ఘాట్ దిగడం

మంచు తెరలు చూస్తూ ఆరింటికే దిగాలనిపిస్తుంది. వద్దు. అయిదు మీటర్ల దూరం కనపడని మంచులో బస్సుకు మీరు కనపడరు. మంచు విడేదాకా, అవసరమైతే తొమ్మిది దాకా ఆగండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతుండాలి.

లంబసింగి నుంచి డౌనూరు మీదుగా నర్సీపట్నం సుమారు 30 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్ష అయితే దిగేటప్పుడు చేతుల పరీక్ష. చేతులు హ్యాండిల్ కింది వంపులో, రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీద. మలుపు రాకముందు, సైకిల్ నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి. మలుపులోకి వంగాక బ్రేకు వదిలేయాలి. వంగిన సైకిల్ మీద ముందు బ్రేకు నొక్కితే, అందులోనూ రాలిన తడి ఆకుల మీద, చక్రం జారిపోతుంది. బయటి వైపు కాలు కిందికి పెట్టి దానిమీద బరువు వేయండి. చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు ముగిసే చోట ఉండాలి.

దారి పొడవునా బ్రేకును సన్నగా పట్టుకుని ఉండటం అన్నిటికంటే చెడ్డ అలవాటు. రిమ్ వేడెక్కి లోపల ట్యూబు పేలుతుంది. గట్టిగా నొక్కి, వదిలి, గాలి తగలనిచ్చి, మళ్లీ నొక్కాలి. పది నిమిషాలకోసారి వెడల్పాటి చోట ఆగి రిమ్ దగ్గర చేయి పెట్టి వేడి చూడండి. డిస్క్ బ్రేకు ఉంటే ఆ రేకును మాత్రం ముట్టుకోవద్దు, చర్మం అంటుకుపోతుంది.

హెయిర్‌పిన్ మలుపులో పొడవాటి బస్సు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు లోపలి అంచుకు కోసుకుంటూ వస్తాయి. మీరు ఆ అంచున ఉంటే చోటు మిగలదు. కింద నుంచి హారన్ వినగానే మలుపుకు ముందే ఆగి, బస్సు పూర్తిగా పోయాక కదలండి. పైకి ఎక్కే బండికి దారి ఇవ్వడం కొండ దారిలో నియమం కూడా.

ఈ ఘాట్ దిగుతూ నేను తప్పకుండా ఒకచోట ఆగుతాను. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వెళ్లే ఈ రోడ్డును వందేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టిచాకిరీలాగా, సరైన కూలి ఇవ్వకుండా వేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద తొలి దాడి జరిగింది, మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. 1924 మే 7న అల్లూరిని కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇంకో రోజు చేతిలో ఉంటే నర్సీపట్నంలో బస చేసి అక్కడికి వెళ్లిరండి. బ్రేకు వదిలితే జారిపోయే ఈ వాలును పారలతో, గునపాలతో చెక్కిన చేతుల గురించి తెలిశాక, సైకిల్ ఆపి ఆ రాతి అంచును తాకాలనిపిస్తుంది.

నర్సీపట్నంలో భోజనం చేసి బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో చూసుకోండి. అక్కడి నుంచి తాళ్లపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి అనకాపల్లి మీదుగా విశాఖకు సుమారు 90 కిలోమీటర్లు. తాళ్లపాలెం దాకా రోడ్డు బాగానే ఉంటుంది, పల్లెలు, చెరకు తోటలు, చెట్ల నీడ. హైవే మీద మాత్రం లారీల గాలికి సైకిల్ ఊగుతుంది, ఎండ, దుమ్ము. నాలుగు రోజులు అడవిలో తొక్కిన ఒంటికి అది ఏమీ కలపదు. నేను నర్సీపట్నం బస్టాండులో ఎక్కువ ఖాళీగా ఉన్న బస్సు కోసం చూసి, కండక్టరును అడిగి సైకిల్‌కు లగేజీ టికెట్ తీసుకుంటాను. ముందు చక్రం ఊడదీసి, డిరైలర్ ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, కింద పాత దుప్పటి పరుస్తాను. మొదటిసారి దుప్పటి వేయలేదు. ఆ గీత ఫ్రేమ్ మీద ఇప్పటికీ ఉంది.